మినిప్‌కు వెళ్లిన రాయ్ కాజలీ

చిన్న ఊరి జట్టుకు కోచ్‌గా వెళ్లాలా వద్దా అని తటపటాయిస్తున్న చిరంజీవికి ఆశీస్సులు.

ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్‌లో రాయ్ కాజలీ (1893–1963) పేరు చెప్పగానే ఆయన గాలిలోకి లేచిన తీరే అందరికీ గుర్తుకు వస్తుంది గాని, మెల్‌బోర్న్‌లో మంచి పేరున్న రోజుల్లోనే, 1925లో, ఆయన విమ్మెరా ప్రాంతంలోని మినిప్ అనే చిన్న ఊరికి వెళ్లిన సంగతి కోచ్ పనిని ఎంచుకునేవారు ముందుగా తెలుసుకోవలసినది. విమ్మెరా అంటే విక్టోరియా రాష్ట్రపు పడమటి భాగంలో గోధుమ పండే మైదానం. ఆ కాలపు పల్లె జట్లలో ‘కెప్టెన్-కోచ్’ పద్ధతి ఉండేది. సాధన చేయించినవాడే పోటీ రోజున తానూ బరిలోకి దిగి జట్టును నడిపేవాడు. చెప్పిన ప్రతి మాటనూ పదిమంది ఎదుట చేసి చూపవలసిన ఈ పద్ధతిని మించిన పరీక్ష కోచ్‌కు మరొకటి లేదు.

చేసి చూపగల శక్తి కాజలీకి ఊరికే రాలేదు. జట్టుకు 18 మంది చొప్పున కోలగా ఉండే మైదానంలో ఆడే ఈ ఆటలో, తన్నిన బంతిని నేల తాకకముందే ఒడిసి పట్టడాన్ని ‘మార్క్’ అంటారు. పట్టినవానికి అడ్డు లేకుండా బంతిని తన్నే హక్కు లభిస్తుంది. బంతి పైకి లేచినప్పుడు దానికోసం ఎగిరి, తనవారికి అందించేవాడు ‘రక్‌మన్’. ఈ పనికి ఆజానుబాహులను ఎంచుకోవడం వాడుక కాగా, కాజలీ ఎత్తు సుమారు 180 సెంటీమీటర్లే. ఇంటి షెడ్డు కప్పుకు బంతిని వేలాడదీసి, దాన్ని అందుకోవడానికి ఎగిరి ఎగిరి ఆయన ఆ లోటును పూడ్చుకున్నారు; ఎగిరే క్షణంలో గుండెల నిండా ఊపిరి పీల్చడం కూడా ఆ సాధనలో భాగమే. సౌత్ మెల్‌బోర్న్ జట్టులో సహచరుడు ఫ్రెడ్ ఫ్లైటర్ ఆయనను ఎగరమని పెట్టిన కేక ప్రేక్షకుల నోట నానుడిగా మారి, రెండవ ప్రపంచ యుద్ధంలో ఆస్ట్రేలియా సైనికుల నినాదమైంది.

మినిప్‌కు వెళ్లినంత మాత్రాన ఆయన ఆట మసకబారలేదు. 1926లో తిరిగి సౌత్ మెల్‌బోర్న్‌కు ఆడారు, తరువాత టాస్మేనియాలో ఆటగాడిగా, కోచ్‌గా చాలా ఏళ్లు గడిపారు. సెయింట్ కిల్డాకు 99, సౌత్ మెల్‌బోర్న్‌కు 99 పెద్ద పోటీలు ఆడిన ఆయన, 1942లో బలహీనమైన హాథోర్న్ జట్టు బాధ్యత స్వీకరించారు. ‘మేబ్లూమ్స్’ అని ఒక పూవు పేరుతో పిలిచే ఆ జట్టుకు ‘హాక్స్’, అనగా డేగలు, అనే పేరు తెచ్చినది ఆయనే. ఓడిపోవడానికి అలవాటుపడినవారికి ముందుగా తమను తాము చూసుకునే చూపు మారాలని గ్రహించడం గొప్ప కోచ్ లక్షణం. మొదటి ఏడు అట్టడుగున నిలిచిన జట్టు మరుసటి ఏడు ఐదవ స్థానానికి వచ్చి, ‘పర్సెంటేజ్’ తేడాతో మాత్రమే ఫైనల్స్‌కు దూరమైంది. సాధించిన పాయింట్లను ప్రత్యర్థులకు ఇచ్చిన పాయింట్లతో భాగించి, నూరుతో హెచ్చవేయగా వచ్చే లెక్క అది.

మినిప్ బాట పట్టేనాటికి కాజలీ వయస్సు 32 ఏళ్లు; ఆడే శక్తి ఉన్నప్పుడే వెళ్లారు గనుక నేర్పవలసినదాన్ని స్వయంగా చేసి చూపగలిగారు. చిరంజీవి కూడా ఒంట్లో సత్తువ ఉన్న ఈ రోజుల్లోనే ఆ ఊరివారి పిలుపుకు ఒప్పుకోవాలి.