లాడ్ బజారుకు పొయ్యే మనవరాలికి

రాయచోటిలో వీరభద్రస్వామి గుడికి పొయ్యే దావలో మాకొక గాజులంగడి ఉంది. పెద్దదేమీ కాదు, ఇద్దరు కూర్చుంటే మూడో మనిషి వాకిట్లో నిలబడాల. 1978 మొదలు, మోకాళ్ళు మొరాయించిందాకా, పెండ్లిండ్ల కాలానికి ముందు ఏటా ఒకసారి హైదరాబాదు పోయి చార్మినారు పక్కన లాడ్ బజారులో రాళ్ళ గాజులు, లక్క గాజులు తెచ్చేదాన్ని. ఇప్పుడు మనవరాలికి పెండ్లి కుదిరింది. "జేజీ, ఈసారి నేనే పోయి తెచ్చుకుంటా. నీకు తెలిసిందంతా నంబర్లు వేసి చెప్పు, ఫోన్లో రాసుకుంటా" అనింది. నంబర్లు వేసి మాట్లాడేది నాకు చేతకాదు. నేను చెప్తా పోయినాను, ఆమే నంబర్లు వేసుకుంది. అందుకే ఒకటి బారెడుంది, ఇంకొకటి బెత్తెడుంది.

1. తెల్లారేసరికి చార్మినారు కాడ ఉండు. కొనేది మధ్యాహ్నం.

రాయచోటిలో రాత్రి బస్సెక్కితే గువ్వలచెరువు ఘాటు దాటి, కడప, మైదుకూరు, ఆళ్ళగడ్డ, నంద్యాల, కర్నూలు మీదుగా పోయి పొద్దు పొడిచే యాళకు దించుతాడు. మేము మొదట పోయినప్పుడు గౌలిగూడలో దిగినాము. బోర్లించిన ఇనుప గాబు మాదిరి పెద్ద షెడ్డు, నిజాం కాలంది. 2018 జూలైలో అది కూలిందని టీవీలో చూసిన పూట అంగట్లో నాకు బేరం మీద మనసు నిలవలేదు. నువ్వు దిగేది ఎంజీబీఎస్‌లో. ఆటో ఎక్కితే నయాపూల్ మీద మూసీ దాటి, మదీనా, పత్తర్‌గట్టి మీదుగా చార్మినారు ముందర వదిలిపెడతాడు.

అంత పొద్దున్నే లాడ్ బజారులో అంగళ్ళు తెరవరు. మొదటిసారి మీ అబ్బ విసుక్కున్నాడు, రాత్రంతా నిద్ర చెడగొట్టుకొని మూసిన తలుపులు చూసేదానికి వస్తిమా అని. సరే అని ఇరానీ చాయ్ తాగినాము. చాయ్‌లో ఉస్మానియా బిస్కట్టు ముంచుకొని తినడం ఆయన అక్కడే నేర్చుకున్నాడు. ముంచినాక రెండు లెక్కలు దాటితే బిస్కట్టు కప్పు అడుగున ఉంటుంది. ఊడ్చేవాళ్ళు ఊడుస్తా ఉంటే పావురాలు లేచి, మక్కా మసీదు దిక్కు పోయి, మళ్ళా వచ్చి వాలేవి. బేరం లేదు, తొందర లేదు. అప్పుడు కనిపించింది నాకు ఆ కట్టడం. అంతకు ముందు పటాల్లో చూసింది నాలుగు మినార్లనే. అసలు సంగతి కింద ఉంది. గుడికైనా కోటకైనా ఒక వాకిలి ఉంటుంది, లోపలికి పోవాల. దీనికి లోపల అంటూ లేదు. నాలుగు దిక్కుల నాలుగు కమాన్లు తెరుచుకొని ఉంటాయి. ఏ దావన వచ్చినోడైనా నడిమధ్యన నిలబడతాడు, అంతే. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా కొత్త ఊరు కట్టుకుంటా ముందు ఈ నడిమధ్యను పెట్టుకున్నాడు. ఉత్తరాన నాలుగడుగులు వేస్తే గుల్జార్ హౌజ్, దాని చుట్టూ మళ్ళా నాలుగు కమాన్లు. మన శివరాత్రి ఉత్సవాలప్పుడు గుడి ముందర నిలబడితే గాలివీడు, లక్కిరెడ్డిపల్లె, సంబేపల్లె, చిన్నమండెం మనుషులంతా కండ్లబడతారు చూడు, ఆ ఊర్లో అది రోజూ జరిగేదే.

2. "చార్మినారు కాడ కలుస్తా" అని ఎవరితోనూ అనద్దు.

నాలుగు పక్కలా ఒకే మాదిరి ఉంటుంది. 1889లో పెట్టిన గడియారాలు కూడా నాలుగు దిక్కులా ఉన్నాయి. ఒకసారి మీ అబ్బ ముత్యాల ధర కనుక్కొని వస్తానని పత్తర్‌గట్టి పోయినాడు. నేను గడియారం కింద ఉంటానన్నాను. గుల్జార్ హౌజ్ దిక్కు గడియారం కింద ఆయన, లాడ్ బజారు దిక్కు గడియారం కింద నేను, గంటన్నర నిలబడినాము. ఫోన్లు లేని కాలం. చివరికి ఒక అత్తరు బండాయన నన్ను చూసి, "అమ్మా, ఆ పక్క ఒకాయన మీ మాదిరే గడియారాన్ని తిడుతుండాడు" అన్నాడు. ఆయన పోయి పదకొండేండ్లయింది, ఆ గంటన్నర ఎవరి తప్పో ఇంకా తేలలేదు.

3. సైజు చెప్పేటప్పుడు అణాల్లో చెప్పు.

ఇది అంగట్లో కూర్చున్నోళ్ళకు తెలుసు, నీకు తెలియదు. రెండు-నాలుగు, రెండు-ఆరు, రెండు-ఎనిమిది అంటారు కదా, రెండు పాయింట్ నాలుగు అనుకోవద్దు. రూపాయికి పదహారణాలు మాదిరి అంగుళానికీ పదహారు. రెండు-నాలుగు అంటే రెండుంబాతిక అంగుళాలు, రెండు-ఎనిమిది అంటే రెండున్నర, గాజు లోపలి అడ్డం కొలత. రూపాయిలో అణాలు 1957లో పోయినాయి గానీ ఆడవాళ్ళ చేతులకు ఇంకా పోలేదు. నీ చెయ్యి రెండు-ఆరు. ఎండాకాలం చెయ్యి ఉబ్బుతుంది, పెండ్లి మే నెలలో. అయినా రెండు-ఎనిమిది తీసుకోవద్దు, జారి చేతిలోకొస్తుంది. మట్టిగాజులైతే చెయ్యి మెత్తగా పిసికి తొడిగేదానికి నేనున్నా. లక్కది వంగదు, సరిగ్గా చూసుకో.

నేనున్నా అన్నాను గానీ, పెండ్లికూతురికి మొదటి గాజు నన్ను తొడగనియ్యరు కొందరు. ఆ పూట మీ అమ్మ తొడుగుతుంది, నేను డబ్బాలందిస్తా. పదకొండేండ్లుగా ఇంతే. వాళ్ళను తప్పు పట్టను, ఒప్పని కూడా అనను.

4. నీ ఉర్దూకు సిగ్గుపడద్దు.

రాయచోటిలో పుట్టి ఉర్దూ రాదనేవాళ్ళు తక్కువ. మన అంగడికి పక్కింటి ఆపాలు వచ్చి కూర్చుంటే నేనూ ఆ మాటే. లాడ్ బజారులో మొదటిసారి "నక్కో భాయ్, ఇత్తా నక్కో" అంటే అంగడాయన నవ్వినాడు. ఎక్కిరిస్తున్నాడేమోనని నాకు మంటెత్తింది. "మీది కడప పక్క కదా" అన్నాడు. ఎట్ల తెలుసంటే, వాళ్ళ అవ్వ కూడా అట్లనే మాట్లాడేదంట. తర్వాత మీ అబ్బ చెప్పినాడు: గోల్కొండ సేనాని నేక్‌నాంఖాన్ మన సీమకొచ్చి కడపకు నేక్‌నామాబాద్ అని తన పేరే పెట్టుకున్నాడని, మన దక్కనీ వాళ్ళ దక్కనీ ఒక తల్లి బిడ్డలేనని. ఇంకొకటీ చెప్పినాడు. చార్మినారు కట్టించినాయన నాయన ఇబ్రహీం కుతుబ్ షాను తెలుగు కవులు మల్కిభరాముడని పిలుచుకున్నారంట. అద్దంకి గంగాధర కవి తపతీ సంవరణోపాఖ్యానం రాసి ఆయనకే అంకితమిచ్చినాడు. ఆ కమాను కింద నిలబడి తెలుగు మాట్లాడితే ఎవరో కొత్తోళ్ళ మాదిరి చూస్తారని భయపడేదాన్ని. ఈ మాట విన్నాక భయం పోయింది, గొంతు కూడా పెరిగింది.

5. లక్క గాజులను వేడికి దూరంగా పెట్టు.

ఏ సంవత్సరమో చెప్పను, మీ నాయనకు తెలిస్తే నవ్వుతాడు. ఏప్రిల్ ఎండలో పగటి బస్సు దొరికింది. సీటు కింద మేకపిల్ల ఉందని గాజుల మలారం తీసి డ్రైవరు పక్కన ఇంజను బానెట్టు మీద పెట్టినాను. గువ్వలచెరువు కాడ పాలకోవా కొనుక్కొనేదానికి దిగినప్పుడు మూట ఒక పక్కకు ఒరిగి ఉంది. విప్పి చూస్తే పైన రెండు వరసలు బాగున్నాయి. కింద ఉన్నవన్నీ ఒకదానికొకటి కరుచుకొని, రాళ్ళు పక్క గాజుకు అతుక్కొని, జిలేబీ చుట్ట మాదిరి అయినాయి. లక్క అంటే చెట్టు కొమ్మల మీద పురుగు పెట్టే బంక, వేడి తగిలితే కరిగేది దాని గుణం. కరిగేది గాబట్టే దాంతో గాజు చేస్తారు. అంత సరుకు అమ్మే నాకు ఆ మాత్రం తట్టలేదు. ఆ ఏడు లాభమంతా బానెట్టు మింగింది.

6. అంగట్లో కొనేముందు వెనకసందులో చేసేది చూడు.

బొగ్గుల కుంపటి ముందర కూర్చొని లక్క ముద్దను కాచి, సాగదీసి, లోహపు వలయానికి చుట్టి, మెత్తగా ఉండంగానే ఒక్కొక్క రాయి అద్దుతారు. ఆరితే రాయి పట్టదు, వేడెక్కువైతే మునిగిపోతుంది. ఆ రెండింటి నడుమ దొరికే కాసిని ఘడియలే పని. ఆడవాళ్ళు ఇండ్లల్లో కూర్చొని రాళ్ళు పొదిగేది కూడా చూసినాను. 2024లో హైదరాబాదు లక్క గాజులకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. మంచిదే. ఆ గుర్తింపు అంగడి బోర్డు మీదకు ఎక్కినంత తొందరగా కుంపటి ముందర కూర్చున్నోళ్ళ కూలిలోకి దిగుతుందా అనేది నా అనుమానం. వాళ్ళ చేతి వేళ్ళు చూసినాక బేరంలో గొంతు తగ్గుతుంది. తగ్గనీ.

7. బేరం చెయ్యి, కానీ మొదట చెప్పిన ధరకు సగం అడిగి గొప్పలు పోవద్దు.

సగం అడుగుతారని వాళ్ళకు ముందే తెలుసు.

8. పైకి ఎక్కాలంటే వయసులో ఉన్నప్పుడే ఎక్కు.

మెట్లు గుండ్రంగా తిరుగుతా, ఇరుకుగా, ఎత్తుగా ఉంటాయి. నేను 1981లో ఒక్కసారి ఎక్కినాను. పై నుంచి మనుషులు చీమల మాదిరి కనిపిస్తారని అందరూ అంటారు. నాకు కనిపించింది ఒక ఆవు, లాడ్ బజారు నడిమధ్యన, ఎవరి బేరానికీ దావ ఇయ్యకుండా.

9. కూర్చో.

మీ అన్న అమెరికా నుంచి మెక్సికో సిటీ పోయి, అక్కడి నడిబొడ్డు మైదానం వీడియో పంపినాడు. ఒక పక్క పెద్ద చర్చి, ఒక పక్క రాజభవనం, నడుమ ఊరంత బయలు. దాన్ని జోకలో అంటారంట. జోకలో అంటే దిమ్మె. 1843లో అక్కడ ఒక స్తంభం నిలబెట్టాలని దిమ్మె కట్టినారు. స్తంభం రాలేదు, దిమ్మె పేరే మిగిలింది. జనం ఆ పేరుతోనే కూడుతున్నారు. నాకు ఆ మాట బలే నచ్చింది. మనకు చార్మినారుంది, వాళ్ళకు కట్టని స్తంభముంది. రెండు చోట్లా జనం వచ్చేది జనాన్ని చూసేదానికే.

చార్మినారు చుట్టూ బండ్లు ఆపి నేలంతా రాళ్ళు పరిచినాక నడిచేదానికి సుఖమైంది. నా మాదిరి ముసలోళ్ళకు మాత్రం చాలినన్ని కూర్చునే చోట్లు దొరకలేదు. పోయినసారి ఒక దుపట్టాల బండాయన తన ముక్కాలిపీట ఇచ్చి, తాను నిలబడే అమ్ముకున్నాడు. తోపుడుబండ్లు లేకుంటే అందంగా ఉంటుందనేవాళ్ళు ఆ పీట మీద కూర్చోలేదు. నేను కూర్చున్న గంటలో బురఖాలో ఒక పెండ్లికూతురు, వాళ్ళమ్మ, పెద్దమ్మ, ఇద్దరు చెల్లెళ్ళు గాజుల రంగు మీద కొట్లాడుకొని, రాజీపడి, మళ్ళా కొట్లాడుకున్నారు. మన అంగట్లో రోజూ చూసేదే. నాలుగొందల కిలోమీటర్లు దాటి పోయి చూసినా విసుగు రాలేదు.

ఇన్ని చెప్పించుకొని పోయిన శనివారం పిల్ల బయలుదేరింది. ఆదివారం సాయంత్రం అంగట్లో సంబేపల్లె ఆమెకు పచ్చగాజులు తొడుగుతుంటే ఫోనొచ్చింది. అవతల గోలగోలగా ఉంది.

"జేజీ, లాడ్ బజారు దిక్కు గడియారం కింద ఉండా. నావి అయిపోయినాయి. నీ సైజు ఎంత?"

"నాకెందుకే?"

"ఎంతో చెప్పు. అంగడాయన అడుగుతుండాడు."

సంబేపల్లె ఆమె చెయ్యి నా చేతిలోనే ఉంది. నాలుగో గాజు మణికట్టు కాడ ఆగి ఉంది.

"రెండు-ఎనిమిది" అన్నాను. "రాళ్ళు వద్దు, సన్నవి చూడు. బస్సులో ఒళ్ళో పెట్టుకో."