బిలిరుబిన్ అంకెతో పాటు డయపర్ కూడా చూడండి

నవజాత శిశువుల ప్రత్యేక సంరక్షణ విభాగంలో (ఎస్‌ఎన్‌సీయూ) కొత్తగా చేరిన స్టాఫ్ నర్సులకు బిలిరుబిన్ రిపోర్టు చదవడం వారంలో వచ్చేస్తుంది. డయపర్ చదవడమే ఆలస్యంగా అబ్బుతుంది. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డల దగ్గర పనిచేసేవాళ్లు రెండోది ముందు నేర్చుకోవాలంటాను.

‘కామెర్ల వల్ల కడుపు పాడవుతుందా సిస్టర్?’ అని తల్లులు అడుగుతారు. చాలాసార్లు జరిగేది అందుకు తలకిందులు. పేగుల మందకొడితనమే కామెర్లను పెంచుతుంది. ఎర్ర రక్తకణాలు విరిగినప్పుడు పుట్టే బిలిరుబిన్‌ను కాలేయం మార్చి, పైత్యరసంతో పేగులోకి పంపుతుంది. 32 వారాలకే పుట్టిన బిడ్డకు ఆ కాలేయం ఇంకా పూర్తిగా పనిలోకి దిగలేదు, పేగు కదలికా నిదానమే. నల్లగా, జిగటగా ఉండే తొలి విరేచనం లోపలే ఉండిపోతే, అందులోని బిలిరుబిన్‌ను పేగులోని ఎంజైమ్ మళ్లీ విడగొడుతుంది. అది పేగు గోడ దాటి తిరిగి రక్తంలో కలుస్తుంది.

పేగు కదలాలంటే పాలు పడాలి. అందుకే పిండిన తల్లిపాలు కొద్దికొద్దిగానైనా డాక్టరు రాసిన వేళకు ఇవ్వడం కామెర్ల వైద్యంలో భాగమే. 34 వారాల లోపు బిడ్డకు చప్పరించడం, మింగడం, ఊపిరి తీసుకోవడం ఇంకా సరిగా కుదరవు కాబట్టి గొట్టం ద్వారా ఇస్తారు. గ్లూకోజు నీళ్లు పట్టమని నానమ్మలు పోరు పెడతారు. వాటితో కామెర్లు తగ్గవని, పాలకు చోటు పోతుందని నెమ్మదిగా చెప్పండి. పసరు మందు మాటెత్తితే మాత్రం మొహమాటం లేకుండా వద్దనండి.

కామెర్లు తగ్గడానికి బిడ్డను లైటు (ఫొటోథెరపీ) కింద పెట్టాక విరేచనం పలచబడి ఆకుపచ్చగా మారడం మామూలే. ఒంట్లో నీరు కూడా తగ్గుతుంది కాబట్టి బరువు, మూత్రం చూస్తుండాలి. లైటు కింద చర్మం రంగు మోసం చేస్తుంది. పసుపు తగ్గినట్టు కనిపించినా రక్తపరీక్షే ప్రమాణం. ఈ వైద్యానికి దారి చూపింది కూడా ఒక నర్సే. 1956లో ఇంగ్లండ్‌లోని రోచ్‌ఫర్డ్ ఆసుపత్రిలో సిస్టర్ జీన్ వార్డ్, ఎండ తగిలిన చోట బిడ్డ ఒంటి పసుపు తగ్గి, దుప్పటి కప్పిన చోట అలాగే ఉండడం గమనించి డాక్టర్లకు చూపించారు. అలాగని ఈనాడు బిడ్డను ఎండలో పెట్టమని ఎవరికీ చెప్పకండి.

నైట్ డ్యూటీలో చార్టు మీద ‘మోషన్ 1’ అని రాసి వదిలేస్తే పొద్దున వచ్చేవాళ్లకు ఏమీ తెలియదు. ‘పలచన, ఆకుపచ్చ, రక్తం లేదు, పొట్ట మెత్తగా ఉంది’ అని రాయండి. పొట్ట బిగిసినా, ఆకుపచ్చని వాంతి అయినా, విరేచనంలో నెత్తుటి చార కనిపించినా లైటు వల్లేనని సరిపెట్టుకోవద్దు. పేగు కుళ్లుకు (ఎన్‌ఈసీ) తొలి సంకేతం అదే కావచ్చు. తర్వాతి పాలు ఆపి, అప్పటికప్పుడు డాక్టరును పిలవండి.

డిశ్చార్జి రోజు తల్లికి మూడు మాటలు చెప్పి పంపండి. 21 రోజులు దాటినా పసుపు పోకపోతే తీసుకురావాలి. విరేచనం ముగ్గుపిండిలా తెల్లబడినా, మూత్రం డయపర్‌కు పసుపు మరక చేస్తున్నా అన్ని రోజులు ఆగకూడదు. అలాంటప్పుడు డైరెక్ట్ బిలిరుబిన్ చూడాల్సిందే. పైత్యనాళాలు మూసుకుపోయిన బిడ్డకు ఆపరేషన్ 60 రోజులలోపు జరిగితేనే ఫలితం బాగుంటుంది.