శక్తి ఎవరి చేతిలో ఉండాలి? – 'గ్రేస్‌లింగ్' నవలా పరిచయం

అమెరికన్ రచయిత్రి క్రిస్టిన్ కషోర్ రాసిన 'గ్రేస్‌లింగ్' నవల 2008లో వెలువడింది. అందులో కొందరికి పుట్టుకతోనే అసాధారణ శక్తి ఉంటుంది. రెండు కళ్ళు రెండు రంగుల్లో ఉండటం దానికి గుర్తు.

కథానాయిక కాట్సా ఎనిమిదేళ్ళ వయసులో, తనపై చెయ్యి వేయబోయిన బంధువును ఒక్క దెబ్బతో చంపుతుంది. అప్పటినుండి ఆమెది 'చంపే శక్తి' అని ముద్ర పడుతుంది. రాజు రాండా ఆమెను ఎదురుతిరిగిన వారిని దండించే ఆయుధంగా వాడుకుంటాడు. ఒకసారి, తన కూతురిని తాను చెప్పిన సంబంధానికి ఇవ్వనన్న తండ్రిని హింసించమంటాడు. కాట్సా నిరాకరిస్తుంది. కథకు అదే మలుపు. తనది చంపే శక్తి కాదనీ, ఎంత కష్టంలోనైనా బతికి నిలిచే శక్తి అనీ ఆమె తర్వాత గ్రహిస్తుంది.

మన ఉక్కు కర్మాగారంలో కరిగిన ఇనుము 1400 డిగ్రీలకు పైగా వేడితో ఉంటుంది. ఒలికితే ప్రాణం తీస్తుంది. అదే ఉక్కుగా మారి, చువ్వగా సాగితే మన స్లాబును మోస్తుంది. శక్తి చెడ్డది కాదు, దానిని నడిపేది ఎవరన్నదే ప్రశ్న.

సోదరీమణులారా! "ఇప్పుడే పెళ్ళి వద్దు, చదువుకుంటాను" అన్న అమ్మాయిని ఊళ్ళో 'మొండిది' అంటారు. 18 ఏళ్ళు నిండని అమ్మాయికి పెళ్ళి చేయడం 2006 నాటి చట్టం ప్రకారం నేరం. సాయానికి 1098 నంబరు ఉంది. ఆ 'మొండితనం' కూడా నిలబెట్టే శక్తే.