ఏరు, గాలము, ఋతువులు

గాలము వేయుట యనగానే మనలో పెక్కుమందికి చెరువుగట్టు, వెదురుకర్ర, నీటిపై తేలు బెండు జ్ఞప్తికి వచ్చును. కోలారు, చిత్తూరు, అనంతపురము ప్రాంతములనుండి బెంగుళూరు చేరిన కుటుంబముల పెద్దలలో బాల్యమున ఎర్రను ఎరగా గ్రుచ్చి జెల్లలను, కొరమీనులను పట్టినవారు అనేకులు కలరు. అది కూరకొరకు చేయు పని. ఈ పాఠమున మేము చెప్పబూనినది వేరొక విధమైన వేట. దానిని నేర్చినవాడు చేపను పట్టును, తూచును, కన్నులార చూచును, మరల ఏటిలోనే విడిచిపెట్టును. ఇంత శ్రమపడి పట్టినదానిని విడుచుట వెర్రి కాదా యని మీరు అడుగవచ్చును. సమాధానము కావేరీ నదిలో కలదు. అచటికి చేరుటకు ముందు కొంత దూరము చుట్టి రావలసియున్నది.

ఐరోపా దేశముల కొండవాగులలో ట్రౌటు అను మీనము కలదు. ఇది చల్లని, తేటయైన, వడిగా పారు నీటిలోనే బ్రతుకును. నీరు వెచ్చనైనకొలది అందు కరగియుండు ప్రాణవాయువు తగ్గును గనుక మన చెరువులు దానికి సరిపడవు. ట్రౌటు ప్రవాహమునకు ఎదురుగా మొగము పెట్టి, ఒక రాతి మరుగున నిలిచి, నీటితో కొట్టుకొనివచ్చు చిన్న పురుగులను నోట నందుకొనును. దీనిని పట్టువారు గాలమునకు ఎర్రను గ్రుచ్చరు. పక్షి ఈకలు, పట్టుదారము, జంతువుల నూగు చేర్చి గాలపు ముల్లుపై పురుగువంటి బొమ్మను కట్టుదురు. ఆంగ్లేయులు దానిని ఈగ యందురు. దూదిపింజవలె తేలికైన ఈ బొమ్మను దూరముగా విసరుట యెట్లు? బరువును ఎరయందు గాక దారమునందుంచుటయే ఇందలి కిటుకు. వేటగాడు సన్నని పొడవైన కర్రను వెనుకకు, ముందుకు ఝళిపింపగా దారము కొరడావలె గాలిలో సాగి, కొననున్న ఈగను నీటిపై మెల్లగా దించును. అటుపిమ్మట ఆ ఈగ నిజమైన పురుగువలెనే ప్రవాహముతో పోవలయును. దారపు లాగుడుచే అది రవంత అడ్డముగా జారెనా, ట్రౌటు దానిని ముట్టదు.

ఋతువుల ప్రసక్తి ఇచటనే వచ్చుచున్నది. తొలకరి జల్లులకు మన దీపముల చుట్టు ఉసుళ్లు ముసరుట మీరెరుగుదురు. మరునాటికి నేలపై రెక్కలు మాత్రమే మిగులును. శీతలదేశపు ఏళ్లలోను ఇట్టివి కలవు. కొన్ని పురుగులు నీటి అడుగున నెలలకొలది పిల్లదశలో గడపి, రెక్కలు వచ్చిన పిదప ఒకటి రెండు దినములు మాత్రమే బ్రతుకును. వసంతమున ఒక జాతి, వేసవి సాయంకాలములందు మరొక జాతి నీటినుండి పైకి లేచును. ఆనాడు ఏ పురుగు లేచుచున్నదో కనిపెట్టి, దానికి తగిన ఈగను ఎన్నుకొనువాడే నేర్పరి. 1496లో ఆంగ్లమున అచ్చుపడిన ఒక గాలపు వేట గ్రంథమున 12 ఈగలను కట్టు విధము నెలల క్రమమున చెప్పబడినది. చేప చిక్కినను చిక్కకున్నను ఇట్టి వేటగాడు ఏటిని గూర్చి ఒక పంచాంగమును మనసున వ్రాసికొనుచుండును. మా యభిప్రాయమున ఈ వినోదపు ఆనందమంతయు ఆ పంచాంగమునందే యున్నది. చేప నెపము.

ఆంగ్లగ్రంథమును ముందు పేర్కొంటిమి గాని ఈ విద్య మన దేశమునకు క్రొత్త కాదు. కల్యాణి రాజధానిగా ఏలిన పశ్చిమ చాళుక్య ప్రభువు మూడవ సోమేశ్వరుని మానసోల్లాసమున మత్స్యవినోదమను ప్రకరణము కలదు. మీనముల జాతులు, వానికి పెట్టదగిన మేత, గాలమునకు వలయు సామగ్రి అందు వర్ణింపబడినవి. సోమేశ్వరుడు రాజ్యము చేసినది 1126 మొదలు 1138 వరకు. అనగా ఆ రచన ఆంగ్లగ్రంథముకంటె మూడున్నర శతాబ్దములకు పైగా పూర్వపుది. సుందరలాల్ హోరా అను మత్స్యశాస్త్రవేత్త 1951లో దానిని గూర్చి వ్యాసము ప్రకటించువరకు ఈ సంగతి గాలము పట్టువారిలో బహు స్వల్పసంఖ్యాకులకే తెలిసియుండును.

మన దేశమునకు వచ్చిన ఆంగ్లేయులకు స్వదేశపు ట్రౌటుపై మమకారము తీరలేదు. భారతదేశపు మీనములను గూర్చి మహాగ్రంథము రచించిన ఫ్రాన్సిస్ డే పందొమ్మిదవ శతాబ్దమున దానిని నీలగిరులకు తెచ్చుటకు యత్నించి విఫలుడయ్యెను. తుదకు హెచ్. సి. విల్సన్ 1906, 1907 ప్రాంతమున కృతకృత్యుడు కాగా, ఉదకమండలము చేరువ అవలాంచి యందు గ్రుడ్లు పొదిగించు కేంద్రము వెలసెను. అచట నిలద్రొక్కుకొన్నది అమెరికా పడమటి తీరపు ఇంద్రధనుస్సు ట్రౌటు. బెంగుళూరు చల్లని ఊరని మనము గొప్పగా చెప్పుకొందుము గాని ట్రౌటుకు ఆ చల్లదనము చాలదు. దానిని కోరువాడు నీలగిరి యెక్కవలసినదే.

పెరటి చెట్టు మందునకు రాదందురు. నగరమునకు సుమారు 100 కిలోమీటర్ల దూరమున, కావేరిలో, ట్రౌటును తలదన్ను మీనము ఉండగా మనము దానిని ఎరుగము. దాని పేరు మహసీరు. కన్నడిగులు బిళిమీను అందురు. మన బొచ్చెకు, శీలావతికి ఇది దగ్గరి చుట్టము. అరచేతియంత పొలుసులు, కండబలిసిన పెదవులు, వెడల్పైన తోక దీని లక్షణములు. దవడలయందు పండ్లు లేవు. పండ్లన్నియు గొంతునందే యుండును. వానితో అది పీతలను, నత్తగుల్లలను పిండిచేయును. మద్రాసు ప్రభుత్వోద్యోగియైన హెన్రీ సల్లివన్ థామస్ 1873లో ప్రకటించిన గాలపు వేట గ్రంథమున, పరిమాణమునుబట్టి చూచినచో పోరాటమున సాల్మనుకంటె మహసీరే మేలైనదని తీర్పు చెప్పెను. మైసూరు వాసి వాన్ ఇంగెన్ 1946లో పట్టిన మహసీరు 120 పౌనులు, అనగా సుమారు 54 కిలోగ్రాములు తూగెను. మీ తరగతిలో అంత బరువుగల విద్యార్థులు ఎందరున్నారో చూచుకొనుడు.

కావేరికిని తన పంచాంగము కలదు. జ్యేష్ఠాషాఢములందు కొడగు కొండలపై నైరుతి వానలు కురియగా నది ఎర్రబారి, బండలను ముంచి, గట్లు ఒరసికొని పారును. మహసీరు గ్రుడ్లు పెట్టుటకు పైకి ఎదురీదునది ఈ కాలముననే. గులకరాళ్లుగల తావులను వెదకుచు అది పోవుచుండగా గాలము మూలబడి యుండవలయును. ఆ నీటిలో ఎర కనబడదు సరికదా, గ్రుడ్లతో నున్న మీనమును పట్టుట పాపమని పాత వేటగాండ్రు తలచుచుండిరి. ఆశ్వయుజ కార్తికములందు ఈశాన్యపు జల్లులు అప్పుడప్పుడు నీటిని కలచినను నది క్రమముగా తేరుకొనును. పుష్యమాసము వచ్చుసరికి నీరు తేటపడి, పగలు వెచ్చగా, రాత్రి చల్లగా నుండును. గాలమునకు ఇదియే మంచి కాలము. ఉదయసాయంకాలములందు చేప మడుగుల లోతునుండి వెడలి, నురుగు గ్రక్కు రాళ్లచెంతకు మేతకు వచ్చును. వేసవిలో నీరు తగ్గి బండలు బయల్పడును. గట్టున తెల్లమద్ది, మేడి చెట్లు నిలిచియుండును. మేడిపండు నీట పడిన చప్పుడునకు మడుగులో సుడి లేచుట కద్దు, ఏలయన మహసీరు పండ్లను కూడ తినును. నీటికుక్కల గుంపులు, మొసళ్లు ఆ నదియందే మసలును.

ట్రౌటునకు ఈకల ఈగ యెట్లో కావేరీ మహసీరునకు రాగిముద్ద అట్లు. రాగిపిండిని ముద్దచేసి, ఉడికించి, మరల పిసికి, నిమ్మకాయంత ఉండను గాలమునకు అద్దుదురు. మన యింటి సంకటి అంతటి మహామత్స్యమునకు ఎర యగుట మాకు వింతయే గాక కొంత గర్వమును కలిగించినది. వేటగానితో స్థానికుడైన తోడుమనిషి ఒకడుండును. నదిలోని ఏ బండ యడుగున ఏ సుడి యున్నదో అతనికి కరతలామలకము. చేప ఎరను మ్రింగి దిగువకు పరువిడినపుడు, దారము రాళ్లకు ఒరసి తెగకుండ ఇరువురును పుట్టి యెక్కి దానివెంట పోదురు. పెద్ద మీనము ఈ విధమున చాలసేపు పోరాడును. అలసి గట్టుచెంతకు వచ్చినపుడు తడిచేతులతోనే దానిని తాకవలయును. పొడిచేతికి దాని ఒంటి జిగురు ఊడిపోయి గాయములకు రోగమంటును. తూకము ముగిసిన తోడనే చేపను ప్రవాహమునకు అభిముఖముగా నీటిలో పట్టుకొని, మొప్పలలోనికి నీరు చక్కగా ప్రసరించువరకు వేచియుందురు. అది తనంతట తోక విదల్చి చేతినుండి జారినప్పుడే విడుచుట పూర్తియైనట్లు.

విడుచుట యేలయను ప్రశ్నకు వత్తము. ఒకప్పుడు మందుగుండు ప్రేల్చి చేపలను చంపుట కావేరిలో విరివిగా జరుగుచుండెను. ఒక్క ప్రేలుడుకు పెద్దవి, పిల్లలు అన్నియు తేలిపోవును. 1972లో బెంగుళూరున స్థాపితమైన దక్షిణభారత వన్యప్రాణి సంఘము నదిలో కొంత భాగమును గుత్తకు తీసికొని కావలి పెట్టెను. పిదప ప్రభుత్వసంస్థయైన జంగిల్ లాడ్జెస్ భీమేశ్వరి, గాలిబోరె మున్నగు చోట్ల శిబిరములు నడపెను. దొంగవేటగాండ్రుగా నుండినవారిలో కొందరు అచట జీతము పుచ్చుకొని కావలివారు, తోడుమనుషులు అయిరి. పట్టిన ప్రతి చేపను విడువవలయునని, దాని బరువును చిట్టాలో వ్రాయవలయునని నియమము. ఈ చిట్టాయే తుదకు శాస్త్రమునకు మిక్కిలి ఉపకరించినది.

గాలిబోరె శిబిరమున 1998 మొదలు 2012 వరకు వ్రాసిన లెక్కలను శాస్త్రవేత్తలు పరిశీలించి 2015లో ప్రకటించిరి. 23,620 గంటల వేటలో 6,161 మహసీరులు చిక్కినవి. ఏటేట గంటకు చిక్కు చేపల సంఖ్య పెరుగుచుండెను. పైకి చూచువారు ఇది శుభమని తలతురు. కాని సగటు బరువు తగ్గుచుండెను. అంతకంటె విచారకరమైన సంగతి మరియొకటి బయల్పడెను. చిట్టాలో రెండు విధముల మహసీరులు వేర్వేరుగా గుర్తింపబడియుండెను. నీలిరెక్కల మహసీరు నానాటికి హెచ్చుచుండగా మూపుగల మహసీరు కనుమరుగగుచుండెను. వాన్ ఇంగెన్ నాటి మహాకాయములకు పేరుపొందినది ఈ రెండవదియే.

నీలిరెక్కలది కావేరికి పరాయిది. లోణావళా యందు టాటా విద్యుత్ సంస్థవారు గ్రుడ్లు పొదిగించి పెంచిన ఆ జాతి పిల్లలను 1970ల నుండి పలు నదులలో విడిచిరి. కావేరికిని అవి వచ్చినవి. చేప తరుగుచున్నదని మంచి తలంపుతో చేసిన పనియే ఇది. మహసీరులన్నియు ఒకటే యని భావించుటచే నీ నదికి సొంతమైన జాతి యేదియో ముందు విచారింపరైరి. చూచువారు రెంటిని ఇట్లు గుర్తింపవచ్చును: నీలిరెక్కల దాని రెక్కలు నీలిబూడిద వన్నెలో నుండును. కావేరీ జాతికి తల వెనుకనుండి వీపు ఎద్దు మూపురమువలె ఎత్తుగా లేచును, తోక, రెక్కలు నారింజ ఛాయతో మెరయును.

నూరేండ్లకు పైగా గాలపు వేటగాండ్రు కొనియాడిన ఈ మీనమునకు శాస్త్రమున సరియైన పేరు 2018 వరకు కుదరకపోవుట ఆశ్చర్యకరము. ఆ యేడు శాస్త్రజ్ఞులు దీని రూపమును, జన్యులక్షణములను పరీక్షించి, కేరళలోని పాంబారునందు అంతకు మునుపు గుర్తింపబడిన టార్ రెమదేవి యను జాతియే ఇది యని నిర్ణయించిరి. పాంబారు కావేరికి చెందిన యేరే. రెమదేవి మన దేశపు మత్స్యశాస్త్రవేత్రి. ఆమె గౌరవార్థము ఆ పేరు పెట్టబడినది. కావేరీ పరీవాహకప్రాంతమున తప్ప ప్రపంచమున మరెచటను లేని ఈ జాతిని 2018లోనే అంతర్జాతీయ ఎర్ర పట్టికలో అత్యంత ప్రమాదస్థితిలో నున్నదానిగా చేర్చిరి. నేడు దానికి మిగిలిన ముఖ్యమైన ఆశ్రయము నీలగిరుల పాదమున ప్రవహించు మోయారు నది.

బెంగుళూరువారమైన మనకు ఈ నదితో రెండు విధముల సంబంధము కలదు. మన కుళాయిలలో వచ్చునది కావేరీ జలము. మన వీధుల మురుగు వృషభావతిలో పడి, అర్కావతిని చేరి, సంగమమువద్ద కావేరిలోనే కలియుచున్నది. ఆ నది పంచాంగమున ఈ మురుగునకు ఋతువు లేదు, సంవత్సరము పొడుగునను పారును.

అభయారణ్యమున వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము గాలపు వేట తగదని, చేపను విడిచినను అది వేటయే యని నిర్ణయము కాగా 2012 నాటికి ఆ శిబిరములలో గాలములు మూలబడినవి. ఆ నిర్ణయము మంచిదా చెడ్డదా యనుటలో పెద్దలకు భిన్నాభిప్రాయములు కలవు. గాలములు లేని గట్టున కావలి సడలునని ఒకరు, అరణ్యమున ఏ ప్రాణిని బాధింపరాదని మరొకరు వాదింతురు. మేము మొదటివారి పక్షమున కొంచెము మొగ్గుదుము. గాలములతోపాటు గాలిబోరె చిట్టాయు ఆగిపోయినది. చివరి పుటలలో నీలిరెక్కల మహసీరుల బరువులు వరుసగా కలవు, మూపుగలది అరుదుగా తప్ప కానరాదు.