లేహ్‌లో నాలుగు రోజులు: ఎక్కడ తినాలి, ఏం చూడాలి?

ప్రశ్న: జూన్‌లో అమ్మానాన్నలను తీసుకుని విమానంలో లేహ్ వెళ్తున్నాం. నాలుగు రోజులుంటాం. ఏం తినాలి, ఏం చూడాలి?

జవాబు: లేహ్ దాదాపు 3,500 మీటర్ల ఎత్తున ఉన్న చలి ఎడారి. ఆ ఎత్తుకు శరీరం అలవాటు పడాలి కాబట్టి మొదటి రెండు రోజులూ విశ్రాంతికే కేటాయించండి. పెద్దవాళ్లకు బీపీ, గుండె, ఊపిరితిత్తుల సమస్యలుంటే బయల్దేరే ముందే డాక్టర్‌ను కలవండి. బసలోనే వేడివేడి తుక్పా (నూడుల్స్ సూప్) తెప్పించుకోండి.

మూడో రోజు పొద్దున్నే మెయిన్ బజార్‌లో జామా మసీదు వెనక సందుకు వెళ్లండి. తందూరు గోడకు అంటించి రొట్టెలు కాలుస్తుంటారు. వేడి తగ్గకముందే వెన్న, ఆప్రికాట్ జామ్ రాసుకుని తినండి. ఉప్పు, వెన్న వేసి చిలికే గుర్‌గుర్ చాయ్ కూడా రుచి చూడండి. మధ్యాహ్నం స్క్యూ అడగండి: గోధుమపిండిని బొటనవేలితో బిళ్లలుగా నొక్కి కూరగాయలతో ఉడికిస్తారు. సాయంత్రం 17వ శతాబ్దపు తొమ్మిదంతస్తుల రాజప్రాసాదానికి నెమ్మదిగా ఎక్కండి.

నాలుగో రోజు షే గ్రామం మీదుగా తిక్సే మఠానికి వెళ్లండి. అక్కడ సుమారు 15 మీటర్ల మైత్రేయ బుద్ధుడి విగ్రహం ఉంది. 5,300 మీటర్లు దాటిన ఖర్‌దుంగ్ లా కనుమ ఈసారికి వద్దు. తలనొప్పితో పాటు వాంతులు, ఆయాసం వస్తే వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి.