వెండి కంచము

పూర్వము కలిగినవారి యిండ్లలో అల్లునికిని అతిథికిని వెండి కంచమున వడ్డించుట గొప్ప మర్యాద. నేతిగిన్నె, పన్నీరుబుడ్డి, తాంబూలపు పళ్లెము కూడ వెండివే. ఏటా సుమారు 55 సెంటీమీటర్ల వాన మాత్రమే కురియు అనంతపుర సీమలో వెండి వేడుకకే కాదు. కరవునాటికి దాచిన ధాన్యము వంటిది.

1876–78 నాటి మహాక్షామమున, అప్పుడు బళ్లారి జిల్లాలో చేరియున్న ఈ ప్రాంతము తల్లడిల్లెను. కంచము అమ్మినగాని కంచములో మెతుకు లేని దినములవి. కరవు సీమలనుండి వెండి నగలు రాశులుగా బొంబాయి టంకశాల చేరి, కరగి నాణెములయ్యెను. కరగించువానికి తూకమే కాని పనితనము పట్టదు.

బాలలారా! పాత వెండిగిన్నె కంటబడినచో దాని నగిషీని మెచ్చుకొనుడు. అది కరగక దాటివచ్చిన కరవులను గూడ తలపోయుడు.