యూపీఎస్ వద్దన్న బ్యాటరీ

నలభై ఏళ్లు రేడియోలూ టీవీలూ బాగుచేశాను. దుకాణం మూసేశాక చేతులు ఊరుకోక, మనవడి యూపీఎస్‌లోంచి తీసి పారేసిన 12 వోల్టుల, 7 ఆంపియర్-అవర్ల బ్యాటరీకి వంటింటి దీపం తగిలించాను. ఇప్పుడున్నది మూడోది. ఈలోగా నాకు తెలిసొచ్చినవి ఇవి.

1. చచ్చిందన్నదల్లా చావలేదు. కరెంటు పోగానే యూపీఎస్ ఆ చిన్న డబ్బాలోంచి ఇరవై పాతిక ఆంపియర్లు ఒక్క ఊపున గుంజుతుంది. పాత బ్యాటరీకి లోపలి నిరోధం పెరిగిపోయి ఉంటుంది, ఆ బరువుకి వోల్టేజి కుప్పకూలుతుంది. నేను వాడే సన్నరకం ఎల్‌ఈడీ పట్టీ మీటరు పొడవుకి అడిగేది 0.4 ఆంపియరే. బస్తాల బండి లాగలేని ముసలెద్దు చెరువుదాకా నడవలేదా?

2. దీపం వెలుగుతుండగానే వోల్టేజి కొలవాలి. ఊరికే ఉన్నప్పుడు 12.6 చూపించి, తగిలించిన పది నిమిషాలకే 11కి జారినవి ఎన్ని చూశానో.

3. తెల్ల ఎల్‌ఈడీ ఒక్కోటి సుమారు 3 వోల్టులు తీసుకుంటుంది. పట్టీలో మూడేసి వరసగా ఉంటాయి కనుక తొమ్మిది పైచిలుకు అక్కడే పోతాయి. మిగిలినవి రెసిస్టరు మింగుతుంది. పట్టీని కత్తిరించాల్సింది కూడా ఆ మూడింటికోసారి వచ్చే గీత దగ్గరే. తిరకాసల్లా చార్జింగ్ వేళ. బ్యాటరీ 13.8కి చేరితే అదనపు వోల్టులు దాదాపు అన్నీ రెసిస్టరు మీదే పడి కరెంటు ఒకటిన్నర రెట్లవుతుంది. చార్జరు పెట్టే ఉంచి రోజూ వెలిగించిన నా మొదటి పట్టీ వేసవి దాటకుండానే సగం ముక్కలు నల్లబడ్డాయి. ఇప్పుడు చార్జింగ్‌లో ఉంటే దీపం వెయ్యను. మా ఆవిడని దీనికి ఒప్పించడానికి ఇంకో వేసవి పట్టింది.

4. మసకబారే దీపమే మంచిది. బ్యాటరీ దిగేకొద్దీ పట్టీ వెలుగు తగ్గిస్తూ మనకి చెబుతూనే ఉంటుంది. లోపల డ్రైవరున్న 12 వోల్టుల బల్బు అలా కాదు. చాలాసేపు అదే వెలుగు ఇస్తూ బ్యాటరీని పీల్చేస్తుంది. ముచ్చటపడి ఒకటి పెట్టి, ఓ రాత్రి ఆర్పడం మరిచి పడుకున్నాను. తెల్లారేసరికి 9 వోల్టులు. అదే రోజు పెళ్లికి ప్రయాణం. వారం తర్వాత చార్జరు పెడితే ఎక్కలేదు. ఖాళీగా వదిలేస్తే పలకల మీద సల్ఫేటు గట్టిపడుతుందని ఊరందరికీ చెప్పినవాణ్ణి! అప్పట్నుంచీ 11.8 రాగానే ఆపేస్తున్నాను.

5. ప్లస్ పక్కనే 2 ఆంపియర్ల ఫ్యూజు. ఎంత పాత బ్యాటరీ అయినా, ఫ్యూజు లేకుండా రెండు తీగలూ ఒకదానికొకటి తగిలితే నిప్పులు కక్కుతుంది.

6. ల్యాప్‌టాప్‌లోని గుండ్రటి సెల్లులతో చేద్దామన్నాడు మనవడు. అవి లిథియంవి. సెల్లుని 4.2 వోల్టులు దాటనివ్వకుండా, మరీ అడుగంటనివ్వకుండా కాసే బోర్డు లేకపోతే ముట్టుకోవద్దన్నాను. ఉబ్బినదైతే బోర్డున్నా వద్దు.

7. గంటసేపైనా వెలిగించలేని సీసం బ్యాటరీని విప్పకండి, ఆసిడ్ ఒంపకండి, బ్యాటరీల కొట్టులో ఇచ్చెయ్యండి. నిరుడు నా రెండోది తీసుకెళ్తే కొట్టతను తూకం వేసి డబ్బులు లెక్కపెడుతూ, మూల ఉన్న గుట్టకేసి చూశాడు. "బాబాయ్, పొద్దున్నే ఓ యూపీఎస్‌లోంచి వచ్చింది. మీటరు తెచ్చారా?" అన్నాడు. సంచిలోనే ఉంది.